కిటికీకి తడి చీర

ఆ ఏడు వానకాలంలో మా ఇంటి కిటికీకి ఒక పాత నూలు చీర కట్టాను. పెళ్లినాటిది కాదు, అంతకంటే అక్కరకొచ్చేది. ఉతికి ఉతికి మెత్తబడి నీళ్లు బాగా పీల్చే చీర. నాలుగు మడతలు వేసి, మేకులకు బిగించి, పొద్దునా సాయంత్రం చెంబుతో తడిపేదాన్ని.

మా రేకుల ఇల్లు భూపాలపల్లిలో బొగ్గు లారీలు పోయే రోడ్డుకు ఆనుకొని ఉండేది. బాయి నుంచి, అంటే బొగ్గు గని నుంచి, కరెంటు ఫ్యాక్టరీ దాకా లారీలు తెంపు లేకుండా నడిచేవి. పొద్దున వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లి లోపలికి వెళ్లి చాయ పెట్టుకొని వచ్చేసరికి పచ్చటి వాకిలి మీద నల్లటి పొర పడేది. ఆరేసిన బట్టలు, మూత పెట్టని అన్నం, పిల్ల జడ, అన్నీ అంతే. కిటికీకి తడి చీర కట్టమన్నది మా ఆయనే.

ఆయన పేరు మంగ్యా. కాంట్రాక్టరు కింద నీళ్ల ట్యాంకరు తోలేవాడు. బొగ్గు దారుల మీద దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టడమే ఆయన పని. మా తండా భాషలో నీళ్లను పాణి అంటాం. పని దిగి వస్తూ ట్యాంకరులో మిగిలిన నీళ్లు మా వాడకట్టు ఆడవాళ్ల బిందెల్లో పట్టేవాడు. అందుకని పిల్లలు ఆయన్ను "పాణి మామ" అని పిలిచేవారు. ఆ పిలుపుకు ఆయన చాలా మురిసేవాడు.

"నీళ్లకు లొంగని దుమ్ము లేదు కళా," అనేవాడు సాయంత్రం నల్లబడిన చీరను చూపించి. "సూడు, ఎంత వట్టిందో. ఇదంత మన పానంలకు పోయేది."

నేను పిండితే బకెట్లో సిరా లాంటి నీళ్లు దిగేవి. అవి చూస్తే ఇద్దరికీ ధైర్యంగా ఉండేది.

రాఖీ పున్నమి దాటాక ఆయన ట్యాంకరు ఎక్కేటప్పుడు ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకోవడం చూశాను. అడిగితే గ్యాస్ అన్నాడు. ఓమ నమిలాడు. తగ్గలేదు. జనగామలో నర్సింగు చదువుతున్న మా కవిత సెలవుకు వచ్చినప్పుడు తండ్రి చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, మళ్లీ కొట్టి, నా వైపు చూసింది. మర్నాడే హన్మకొండకు తీసుకుపోయాం.

గుండె డాక్టరు పెద్దమనిషి. తొందరపడలేదు.

"బీడీ తాగుతవా?"

"లేదు సార్."

"గుడుంబా?"

"పండుగకు సార్."

"ఏ పండుగకు?"

"అన్ని పండుగలకు," అన్నాను నేను. డాక్టరు నవ్వాడు. ఏం పని చేస్తావని అడిగాడు. మా ఆయన చెప్పాడు. డాక్టరు నవ్వు ఆపి కలం పక్కన పెట్టాడు.

"రబ్బరు పైపు సంగతి నీకు ఎరికే గదా. కొత్తగున్నప్పుడు ఎట్లుంటది?"

"మెత్తగుంటది సార్. ఎటు వంచితె అటు వంగుతది."

"పాతదైతె?"

"కట్టె లెక్కయితది. లోపల పాకుడు వడుతది. జోరుగ నీళ్లిడిస్తె పలుగుతది."

"నీ నెత్తురు తిరిగే పైపులు గట్ల అయితున్నయి. లోపలి పొర నున్నగుండాలె. అది వాచి గరుకైంది. వెడల్పు కావాల్సినప్పుడు పైపు వెడల్పు అయితలేదు. బీపీ అందుకే. ఎక్కుడు ఎక్కంగనే ఛాతి పట్టేసుడు అందుకే."

"ఆ పైపైతె మారుస్తం సార్," అన్నాడు మా ఆయన.

"గిది మార్చరాదు."

దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, నెత్తురుకేం సంబంధమని నేను అడిగాను.

"కండ్లకు కనవడే దుమ్ము ముక్కుల, గొంతుల ఆగుతదమ్మా. దగ్గితె వస్తది. దాంతోని నాకు అంత భయం లేదు. కనవడనిది ఒకటుంటది. వెంట్రుకను నిలువున ఎన్నో పోగులు చీరినంత సన్నం. లారీ పొగల ఉంటది, బొగ్గు మంటల ఉంటది. అది ఊపిరితిత్తుల అడుగు దాక పోతది. ఆడ వాపు పుట్టిస్తది. ఆ వాపు నెత్తురుతోని ఒళ్లంత తిరుగుతది. జరంత నెత్తురులకే దిగుతది. పైపులను ఖరాబు చేసేది అదే."

"నీళ్లు గొడితె పడిపోతది గద సార్."

"పెద్దది పడుతది. గిది పడదు."

ఎవరో తన ఇంటి మనిషిని తిట్టినట్టు మా ఆయన మొహం పెట్టాడు.

"మరేం జెయ్యాలె?"

"గోలీలు రాస్త. ఉప్పు తగ్గించు. ఆ గాలికి దూరముండు."

"ఎటు పోవాలె సార్?"

ఎదురుమాటగా అనలేదు. తెలియని ఊళ్లో తోవ అడిగినట్టు నిజంగానే అడిగాడు. డాక్టరు గోలీలు రాసి, వెనక వాళ్లను పిలవమని కాంపౌండరుకు చెప్పాడు.

దూరం వెళ్లాలంటే మాకున్నది నెల్లికుదురు దగ్గరి తండా ఒక్కటే. అక్కడ మా అన్న అమర్‌సింగ్ మా మెట్ట చెలక కూడా కలిపి దున్నుకుంటున్నాడు. బోరులో నీళ్లుంటే పంట, లేకుంటే ఎండ. ఆ మాటే అనుకుంటూ ఇంటికొచ్చాం. చీర తడిపాను. ఆయన గోలీ వేసుకొని పనికి వెళ్లిపోయాడు.

*

సమ్మె మొదలైంది.

సకల జనుల సమ్మె అన్నారు. ఆఫీసులు, బళ్లు, బస్సులు, బాయిలు అన్నీ బంద్. బస్సులు ఆగకముందే కవిత జనగామ నుంచి బ్యాగుతో ఇంటికొచ్చింది. మా రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. మొదటిరోజు పొద్దున లేచి ఏదో తప్పిపోయినట్టు వాకిట్లో నిలబడ్డాను. చప్పుడు లేదు. సాంపి చల్లి, చాయ తాగి, గిన్నెలు తోమి వచ్చినా వాకిలి పచ్చగానే ఉంది. వంగి వేలితో రాసి చూశాను.

"అవ్వా, ముగ్గు చెరుపుతానవేంది?" అంది కవిత.

కొన్నాళ్లకు చీర పిండితే బకెట్లో నీళ్లు నీళ్లలాగే దిగాయి. దాని అంచు ఊదారంగని నాకు మళ్లీ గుర్తొచ్చింది.

రోడ్డు మీదే టెంటు వేశారు. మా వాడకట్టు ఆడవాళ్లకు ముందుండి నడిపేది కమలక్క. ఆమె భర్త బాయిలో పర్మనెంటు, కంపెనీ క్వార్టరు, నర్మెట్టలో భూమి. అయినా మా బిందెల వరసలో నిలబడి మాతో జగడమాడే మనిషి. నేను రోజూ అందరికంటే ముందు టెంటుకు వెళ్లేదాన్ని. ఏదైనా లారీ దొంగతనంగా కదులుతుందని తెలిస్తే అడ్డం కూర్చునేదాన్ని. ఒకసారి పోలీసులు లేవమన్నా లేవలేదు.

"కళావతిని సూసి నేర్సుకోండ్రి," అని కమలక్క మైకులో చెప్పింది. "కాంట్రాక్టు కూలీ భార్య. దినాం ఇంట్ల పొయ్యి అంటుకుంటదో లేదో. అయినా ఒక్క లారీని పోనియ్యదు. తెలంగాణ అంటె గంత పానం!"

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన వెనక వరసలో కూర్చొని నన్ను చూసి నవ్వాడు. ఇంటికొచ్చాక, "లీడరమ్మా, జర నీళ్లియ్యి," అన్నాడు. నా పానం దేని మీద ఉందో ఆయనకు తెలుసు.

తెలంగాణ నాకూ కావాలి. మా మాటను సినిమాల్లో వెక్కిరిస్తుంటే విని విని పెరిగినదాన్నే. కానీ పొద్దున లేవగానే మొదట చూసేది రోడ్డు మీద లారీ ఉందా అని. తర్వాత ఆయన ఛాతీ ఎట్లా లేస్తోందో, ఎట్లా దిగుతోందో చూసేదాన్ని.

కవిత రెండు రోజులకోసారి బీపీ చూసేది. తగ్గుతూ వచ్చింది. "గోలీలు పనిచేస్తున్నయో, గాలి పనిచేస్తున్నదో చెప్పలేమవ్వా," అంది. "గోలీలు అప్పటి నుంచి వేసుకుంటనే ఉన్నడు గదనే," అన్నాను. కవిత పట్టీని నెమ్మదిగా మడత పెట్టింది.

ఒకరోజు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. లారీలు నడిచే చోట వరసగా రాళ్ల పొయ్యిలు. కమలక్క వాళ్ల క్వార్టర్ల నుంచి బొగ్గు తెచ్చి పోశారు. పెద్ద గంజులో పప్పుచారు. మా ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేడు. గరిటె అందుకొని పొయ్యి ముందు నిలబడ్డాడు. పచ్చి బొగ్గు అంటుకొని పసుప్పచ్చటి పొగ ఆయన మొహం చుట్టూ తిరుగుతోంది. నేను పరుగెత్తి రెక్క పట్టి లాగాను.

"గంజు మాడుతది, ఇడువు!"

"మాడనియ్యి. నువ్వు ఇటు రా."

"సూడుండ్రమ్మో," అంది కమలక్క, "మొగనికి పొగ సోకుతదని గుంజుకపోతాంది. మా ఆయన బాయిల ఇరవై ఏండ్ల సంది బొగ్గు మింగుతాండు. నేనొక్కనాడన్న గిట్ల గుంజిన్నా?"

"గుంజుదువు గని నీకు ఆయన కదలడు," అని ఎవరో అన్నారు. రోడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆయన్ను గాలికి ఎదురుగా ఉన్న చెట్టు కింద కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు కొయ్యమన్నాను. లీడరమ్మ మొగుడు ఉల్లిగడ్డలు కోస్తున్నాడని పిల్లలు కూడా నవ్వారు.

బతుకమ్మ వచ్చింది. ఏటా గునుగు పూల కోసం అడవి దాకా పోవాలి. రోడ్డు పక్క గునుగు బూడిద పట్టి ఉంటుంది, కడిగినా తెల్లబడదు. ఆ ఏడు రోడ్డు పక్కనే తెల్లగా విరబూసింది. మా ఆయన గుట్ట ఎక్కి తంగేడు తెచ్చాడు. మోపు నెత్తిన పెట్టుకొని ఎక్కడా ఆగకుండా దిగొచ్చాడు. ఒక చెయ్యి మోపు మీద ఉంది. రెండో చెయ్యి ఊరికే పక్కన ఊగుతోంది. ఛాతీ మీద లేదు. నేను అదే చూస్తూ నిలబడ్డాను.

"ఏందట్ల సూస్తవు?" అన్నాడు.

"ఏం లేదు. పూలు మంచిగున్నయి."

ఆ సాయంత్రం లారీల రోడ్డు నడుమ బతుకమ్మలు పెట్టి ఆడాం. తార్రోడ్డు అసలు రంగు అప్పుడే చూశాం.

*

దసరాకు మా అన్న అమర్‌సింగ్ బియ్యం మూట మోటారు సైకిల్‌కు కట్టుకొని వచ్చాడు. రైళ్లూ బస్సులూ లేవు. మానుకోట మీదుగా వంకలు తిరిగి వచ్చానన్నాడు. రాగానే బీడీ వెలిగించాడు. నేను బయటికి తోలాను.

"నా ఇంట్ల నేను తాగద్దా?"

"ఇది నీ ఇల్లు కాదు. ఆ చింతకాడికి పోయి తాగు."

అన్నం తిన్నాక నేనే మాట ఎత్తాను. "అన్నా, మేము తండకు వస్తే ఉండనిస్తవా?"

"ఉండనిచ్చుడేంది? మీ చెలక మీకున్నది. బర్లను సూసుకోండ్రి. బావకు ఆటో కొనిస్త, ఊరికీ మండలానికీ తిప్పుకుంటడు."

మా ఆయన గోడకు ఆనుకొని కిటికీ వైపు చూస్తున్నాడు. "ఆటో తోలుడు డ్రైవింగేనా?" అన్నాడు. "పన్నెండు చక్రాల బండి తోలినోణ్ణి."

"ఆ బండే నిన్ను తొక్కుతాంది," అన్నాడు మా అన్న.

మా ఆయనకు కోపమొస్తే తెలుగు వదిలి మా మాటలోకి దిగుతాడు. దిగాడు. ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. అరుచుకున్నాక నవ్వుకున్నారు. చివరికి మా ఆయన, "సరే తియ్యి. సమ్మె అయిపోయినంక పోదాం. నడుమల పోతే భయపడి ఉరికిండంటరు," అన్నాడు.

పోదామన్నాడు. ఆ మాట నాకు చాలు. మర్నాడే పెద్ద పెట్టెలోని బట్టలు తీసి ఎండకు వేశాను. వాటి మీద దుమ్ము పడలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బాయి కార్మికులు పనిలోకి ఎక్కుతున్నారని కబురొచ్చింది. మిగతా సమ్మె నడుస్తుందన్నారు కానీ బొగ్గు కదులుతుంది. టెంటు విప్పుతున్నప్పుడు కమలక్క గుంజను పట్టుకొని ఏడ్చింది. "ఇన్ని దినాలు ఆగి, చేతికి ఏమొచ్చింది కళావతీ?" అంది. నాకూ ఏడుపొచ్చింది. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. ఇద్దరం ఒక్కదానికే ఏడుస్తున్నామనుకుంది.

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు దయాకర్ వాకిట్లో బండి ఆపాడు. దిగలేదు.

"మంగ్యా, నడువు. యార్డుల కుప్ప అంటుకున్నది."

నెలకు పైగా కదలకుండా పడి ఉన్న బొగ్గు కుప్పకు కడుపులో వేడి పుడుతుంది. దాన్ని ఎవరూ అంటించక్కర్లేదు. తనంతట తానే రాజుకొని లోపలి నుంచి పొగ వదులుతుంది. సమ్మెలో ఎవరూ ముట్టని కుప్ప అట్లాగే రాజుకుంది.

"మేము తండకు పోతానం సార్," అన్నాను నేను.

"పోండ్రమ్మా, నేనొద్దన్ననా? కుప్ప ఆర్పినంక పోండ్రి. ఇప్పుడు రాకుంటె వేరేటోణ్ణి ఎక్కిస్త. నా మీద ఎంత ఒత్తిడున్నదో మీకేమెరుక."

"ఆ బండి క్లచ్చి వేరేటోనికి దొరకది సార్," అన్నాడు మా ఆయన. అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నువ్వు పోదామన్నవ్," అన్నాను.

"పోతం. మంట ఆర్పి వస్త. నీళ్ల పనే గదా కళా." మొహానికి కట్టుకునే తువ్వాల నాకు అందించాడు. "గిది జర తడిపియ్యి."

నేను కుండలో ముంచి, పిండి, ఆయన చేతికిచ్చాను.

*

కుప్ప ఒక్కరోజులో ఆరలేదు. పైన నీళ్లు కొడితే కింద రాజుకునేది. ఆగిన రోజుల బొగ్గంతా ఒక్కసారే తోలాలని లారీలు ముందుకంటే జోరుగా నడిచాయి. మా కిటికీ చీర మొదటి సాయంత్రానికే నల్లబడింది. ఊదా అంచు మళ్లీ కనిపించలేదు. ఎండకు వేసిన బట్టలు దులిపి పెట్టెలో పెట్టాను.

మూడోనాడు మధ్యాహ్నం ఆయన్ను లారీలో వేసుకొచ్చారు. పైపు పట్టుకొని పొగలో నిలబడ్డవాడు నిలబడినట్టే పక్కకు ఒరిగాడట. పైపు చేతిలోంచి జారి నేల మీద కొట్టుకుందట. మోటారు ఆపడం ఎవరికీ చేతకాలేదట. ట్యాంకరులోని నీళ్లన్నీ అయిపోయేదాకా ఆయన చుట్టూ మడుగు కట్టిందని తెచ్చినవాళ్లు చెప్పారు. నిజంగానే ఒళ్లంతా తడిసి ఉంది. కుడి కన్ను, కుడి పెదవి కిందికి జారాయి.

వరంగల్ పెద్ద దవాఖానలో మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఆలస్యమైందన్నారు. కవిత డాక్టరును వరండా చివరిదాకా వెంబడించి అడిగింది, "దుమ్ముతోనేనా సార్?"

"అయుండొచ్చు. కాకపోవచ్చు," అన్నాడాయన. కుర్ర డాక్టరు, కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. "బీపీ ముందటి నుంచే ఉన్నది. అట్లాంటి గాలి పీలిస్తె ముప్పు పెరుగుతది, అది నిజం. ఈయనకు ఏ రోజు గాలితోని వచ్చిందంటె మాత్రం ఏ మిషనూ చెప్పదమ్మా."

దయాకర్ బత్తాయిలు తెచ్చాడు. చెడ్డవాడు కాదు. మంచం పక్కన నిలబడి ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని చాలాసేపు ఉన్నాడు. నేను వెంట వెళ్లి, పని మీద పడ్డ మనిషికి కాంట్రాక్టరు ఏమన్నా చూస్తాడా అని అడిగాను.

"యాక్సిడెంటు కాదు గదమ్మా," అన్నాడు మెల్లగా. "దుమ్ముతోని వచ్చిందంటె, అదే దుమ్ముల నేనున్న, మీ వాడకట్టంత ఉన్నది. అందరికి రావాలె గదా?"

రావాలో వద్దో నాకు తెలియలేదు.

ఇంటికి తెచ్చాక తండా మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడి నుంచి దవాఖాన మరీ దూరం. కాలు కొద్దిగా కదిలింది, చెయ్యి రాలేదు. నోట్లోకి నాలుగైదు మాటలు తిరిగొచ్చాయి. అన్నీ మా తండా మాటలే. తెలుగు ఒక్క ముక్క రాలేదు. వాడకట్టు పిల్లలు వచ్చి "పాణి మామా" అంటే చూసేవాడు. ఆయనకు అర్థమైన పిలుపు అదొక్కటే అనుకుంటాను.

చలి మొదలయ్యాక కమలక్క వచ్చింది. మంచం పట్టె మీద కూర్చొని ఆయన కాళ్లు ఒత్తింది. కొత్త ట్యాంకరు వాడు మిగిలిన నీళ్లు ఎవరికీ పట్టడం లేదని చెప్పింది. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది.

"ధైర్యం ఇడువకు. ఉద్యమం ఆగది. మళ్ల నిన్ను ముందట్నే కూసుండబెడ్త."

"మళ్ల సమ్మె ఎప్పుడక్కా?" అన్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మొగడు గిట్లున్నా గదే మాట! నీ అసొంటోళ్లు ఇంటికొక్కరుంటె ఎప్పుడో వచ్చేది తెలంగాణ."

ఎప్పుడో మాత్రం చెప్పలేదు. ఆమె గడప దాటేసరికి రోడ్డు మీద లారీల వరస ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వాటి సందులోంచి వెళ్లిపోయింది.

"పాణి," అన్నాడు మంచంలోంచి ఆయన.

గ్లాసులో పోసి నోటికి పెట్టాను. పెదాలు బిగించి తల తిప్పాడు. ఎడమ చెయ్యి లేపి కిటికీ వైపు చూపించాడు. చీర ఎండిపోయి ఉంది. లారీ పోయినప్పుడల్లా పలచగా ఎగిరి పడుతోంది.

చెంబు నింపి తెచ్చాను. పై మడత నుంచి కింది దాకా ఎక్కడా పొడి లేకుండా తడిపాను. నల్లటి నీళ్లు గోడ మీదుగా కారాయి. ఆయన అంతా అయ్యేదాకా చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపి, చెయ్యి దించాడు.